విడాకులైన మగాడి మీద సిట్‌కామ్ తిరుపతిలో తీయాలంటే: ఏ కొలువు, ఏ ఇల్లు, ఏ కెమెరా పద్ధతి?

విడాకులు తీసుకున్న మగాడి మీద కామెడీ సిరీస్ రాద్దామని కూర్చున్నవాళ్లు ఎక్కువమంది ముందు ఆయన భార్య గురించి మాట్లాడుకుంటారు. ఎందుకు విడిపోయారు, తప్పెవరిది, మళ్లీ కలుస్తారా. సినిమాకైతే అది చాలు, రెండున్నర గంటల్లో తేలిపోతుంది. సిట్‌కామ్ అట్లా కాదు. వారం వారం ఇరవై, ఇరవై రెండు నిమిషాలు కొత్తగా నవ్వించాలి, మనిషి స్వభావం మాత్రం అదే ఉండాలి. విడిపోయిన కారణం ఒకటి రెండు ఎపిసోడ్లకి వస్తుంది. ఆయన పొద్దున స్నానం చేసి ఎక్కడికి పోతాడన్నది వంద ఎపిసోడ్లకి వస్తుంది. కాబట్టి కొలువు ముందు తేల్చండి. ఆ తర్వాత ఇల్లు, తర్వాత పాత భార్య ఉండే ఊరు, ఆ తర్వాతే ప్రేమ. కెమెరా సంగతి అన్నిటికంటే చివర, కానీ డబ్బు పోయేదీ మిగిలేదీ అక్కడే.

కొలువు ఎంత బలమైనదో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చిన ‘అమృతం’లో అసలు పాత్రనే శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. మనిషి మారినా ‘అమృత విలాస్’ హోటలు అక్కడే ఉంది, జనం చూస్తూనే ఉన్నారు. అమెరికాలో 1998 నుంచి 2004 దాకా నడిచిన ‘బెకర్’లో రెండుసార్లు విడాకులైన డాక్టరు నాయకుడు. ఆయనకి దగ్గరవుతున్న రెజీ పాత్ర మధ్యలో వెళ్లిపోయి, ఆ స్థానంలో క్రిస్ వచ్చింది. ప్రేమకథ అంతా మళ్లీ మొదటికొచ్చినా సిరీస్ 129 ఎపిసోడ్లు పూర్తిచేసుకుంది. క్లినిక్‌కి రోగులు రావడం మానలేదు కదా.

కొలువుని ఎంచేటప్పుడు మూడు సంగతులు చూడాలి. మనం పిలవకపోయినా కొత్త మనిషి తలుపు తోసుకుని రావాలి. వచ్చినవాళ్లు కూర్చుని మాట్లాడాలి, ఎందుకంటే నిలబడి మాట్లాడే చోట సీను నిమిషానికే తెగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ పని రోజూ అతని గాయం మీద చెయ్యి వెయ్యాలి. మూడోది లేకపోతే అది ఉద్యోగం గురించిన కామెడీ అవుతుంది గానీ విడాకులైన మనిషి కథ కాదు.

రేడియో, క్లినిక్, లాడ్జి, పెళ్లి స్టూడియో

ఈ కోవలో అందరూ ముందు తలిచేది అమెరికా సిరీస్ ‘ఫ్రేజియర్’. 1993 నుంచి 2004 దాకా 11 సీజన్లు, 264 ఎపిసోడ్లు, 1994 నుంచి 1998 దాకా వరసగా 5 ఏళ్లు ఉత్తమ కామెడీ సిరీస్‌గా ఎమ్మీ అవార్డు. సియాటిల్‌లో రేడియోలో కూర్చుని ఊరందరి మనసులకీ కాపురాలకీ సలహా చెప్పే మానసిక వైద్యుడు, తన కాపురం మాత్రం నిలబడలేదు. గాయం మీద చెయ్యి వెయ్యడమంటే ఇదే. పైగా ఫోన్ చేసేవాళ్లు గొంతుగా మాత్రమే వినిపిస్తారు. పేరున్న నటులు ఎందరో సెట్ మీద కనిపించకుండానే ఆ గొంతులిచ్చారు. చిన్న బడ్జెట్ జట్టుకి ఇది గొప్ప వెసులుబాటు: చిత్తూరులో ఉన్న మంచి రంగస్థల నటుణ్ని తిరుపతికి రప్పించకుండానే ఫోన్‌లో వాడుకోవచ్చు.

తిరుపతిలో ఆకాశవాణి కేంద్రం ఉంది కాబట్టి రేడియో కథ ఊరికి కొత్తేమీ కాదు. చిక్కల్లా సెట్ దగ్గర వస్తుంది. రెండు గదులు, మధ్యలో గాజు కావాలి. గాజు నిటారుగా పెడితే లైట్లూ కెమెరామనూ అందులో కనబడతారు. గాజు పైఅంచుని కెమెరా వైపు కొద్దిగా వంచితే ప్రతిబింబం నేలమీదికి పోతుంది. ఇంకో లోటు కూడా ఉంది. వచ్చేవాళ్లంతా గొంతులే అయితే ఎదురుగా మొహం చూసి తడబడే అవకాశం పోతుంది. ‘ఫ్రేజియర్’ దానికి రాజ్ అనే మహిళా ప్రొడ్యూసర్‌ని గాజుకి అవతల కూర్చోబెట్టింది, సగం నవ్వు ఆమె చూపుల్లోనే పుట్టింది. మీకు అంత బలమైన నటి లేకపోతే రేడియో జోలికి పోవద్దు.

క్లినిక్ చవక. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బెంచి, గోడకి ఒక క్యాలెండరు. రోగి వస్తాడు, కూర్చుంటాడు, తన బాధ చెప్పుకుంటాడు; సీను దానంతటదే మొదలవుతుంది. రుయా, స్విమ్స్ లాంటి పెద్ద ఆసుపత్రులున్న ఊరు కాబట్టి రాయలసీమ అంతటి నుంచీ, తమిళనాడు సరిహద్దు నుంచీ మనుషులు రావడం సహజం. కానీ ప్రేమకథకి ఇది ఇరుకు. డాక్టరు తన దగ్గరికొచ్చిన రోగిని ఇష్టపడటం తప్పు, చూసేవాళ్లకి కూడా మింగుడు పడదు. అందుకే ‘బెకర్’ రాసినవాళ్లు పక్కన చిన్న హోటలు పెట్టుకున్నారు. మీరూ క్లినిక్ ఎంచుకుంటే ఆనుకుని ఒక టీకొట్టో టిఫిన్ సెంటరో పెట్టక తప్పదు. అంటే రెండు సెట్లు. డాక్టరుకి బదులు మెడికల్ షాపు అంటే ఖర్చు తగ్గుతుందనిపిస్తుంది. కౌంటరు దగ్గర మనుషులు నిలబడి మందు తీసుకుని పోతారు. పదో ఎపిసోడ్‌కి రాసేవాళ్ల చెయ్యి ఆగిపోతుంది.

తిరుపతి అనగానే లాడ్జి గుర్తుకు రావడం న్యాయమే. రిసెప్షన్ కౌంటరు, తాళాల బోర్డు, రెండు సోఫాలు, ఆధార్ జిరాక్సుల కట్ట. తమిళం, కన్నడం, మరాఠీ, హిందీ మాట్లాడేవాళ్లు ఒకే గంటలో వస్తారు. గుండు గీయించుకుని వచ్చిన మొగుణ్ని భార్య గుర్తుపట్టకపోవడం దగ్గర్నుంచి దర్శనం టైమ్ స్లాట్ తప్పిపోయి భార్యాభర్తలు ఒకరినొకరు తిట్టుకోవడం దాకా, ప్రతి గది ఒక కాపురం. దాన్ని చూస్తూ కూర్చున్న విడాకులైన మేనేజరు మంచి పాత్ర. కానీ వచ్చినవాళ్లు 24 గంటల్లో ఖాళీ చేసి పోతారు. ఎవరి మీద ఇష్టం కలిగినా మర్నాడు రైలెక్కేస్తుంది. కాబట్టి ప్రేమ నిలవాలంటే లాడ్జిలోనే పనిచేసే ఆడమనిషి ఒకరు మొదటి ఎపిసోడ్ నుంచీ ఉండాలి. నిజమైన లాడ్జిలో తీద్దామనుకుంటే శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు మర్చిపోండి. ఆ రోజుల్లో ఏ యజమానీ రిసెప్షన్ వదలడు.

ట్రావెల్స్ ఆఫీసు కూడా చాలామంది నోట వస్తుంది. వద్దు. దర్శనం టికెట్లు, దళారులు అన్న గొడవలోకి కథ జారిపోతుంది, నాయకుడు నాలుగో ఎపిసోడ్‌కి మోసగాడిగా కనిపిస్తాడు.

మా మాట పెళ్లి ఫోటో స్టూడియో. పెళ్లి పెటాకులైనవాడు బతుకుతెరువుకి వారానికి మూడు పెళ్లిళ్లు తీయాలి, ‘నవ్వండి సార్, మేడం భుజం మీద చెయ్యి వెయ్యండి’ అని చెప్పాలి. ఇంతకంటే దగ్గరగా పనీ గాయమూ కలిసే చోటు తిరుపతిలో ఇంకోటి దొరకడం కష్టం. తిరుచానూరు దారిలో, బైపాస్ వెంబడి కల్యాణ మండపాలకి కొదవ లేదు. చుట్టుపక్కల జిల్లాల వాళ్లూ ఇక్కడికొచ్చి పెళ్లి చేసుకుంటారు. ‘ది ఆడ్ కపుల్’ టీవీ సిరీస్‌లో ఇద్దరు విడాకులైన స్నేహితుల్లో ఫీలిక్స్ ఫోటోగ్రాఫరే. అక్కడ అది ఎక్కువగా స్టూడియోలో సాగే వృత్తి. ఇక్కడ పెళ్లి ఫోటోగ్రాఫర్ అంటే బంధువులందరి మధ్యలో నిలబడే మనిషి, అందరూ అడిగే మొదటి ప్రశ్న ‘మీకెంతమంది పిల్లలు?’

ఈ పనిలో కామెడీ దానంతటదే ఉంది, ఎందుకంటే పెళ్లిలో రెండో టేక్ లేదు. సుముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టే క్షణం, మాంగల్యధారణ, ఈ రెండూ తప్పితే ఆల్బమ్‌కి మిగిలిన బాకీ రాదు. ఆ క్షణంలో వచ్చే ఆపదలు అందరికీ తెలిసినవే: బ్యాటరీ అయిపోవడం, మెమరీ కార్డు నిండిపోవడం, అక్షతలు వెయ్యడానికి లేచిన పెదనాన్న సరిగ్గా లెన్సుకి అడ్డం నిలబడటం, అన్నీ సర్దుకునేలోపు పురోహితుడు మంత్రం వేగం పెంచెయ్యడం. స్టూడియోలో కూర్చుని ఆల్బమ్ ఎంచుకునే సీన్లు వీటికి తోడు. పెళ్లికొడుకు తరఫువాళ్లు మా ఫోటోలు తక్కువున్నాయంటారు, పెళ్లికూతురు తరఫువాళ్లు రంగు తెల్లగా రాలేదంటారు. కూర్చుని మాట్లాడతారు, మాటామాటా పెరుగుతుంది. ముహూర్తాలు లేని ఆషాఢంలో, మూఢంలో స్టూడియో ఖాళీగా ఉంటుంది. ఒక సీజన్‌లో ఆ రెండు మూడు ఎపిసోడ్లు డబ్బు కటకట మీద, పాస్‌పోర్టు సైజు ఫోటోల మీద రాసుకోవచ్చు. మే నెలలో గంగ జాతర వస్తుంది: బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ ఊరంతా వేషాలు. మొక్కు తీర్చుకోవడానికి మాతంగి వేషం కట్టి చీరలో ఉన్న నాయకుడికి అదే రోజు పాత అత్తామామలు ఎదురవడం తిరుపతిలో తప్ప ఇంకెక్కడా రాయలేని ఎపిసోడ్. వేషాన్ని మాత్రం ఎగతాళి చెయ్యొద్దు. మొక్కుని మొక్కుగానే చూపించి నవ్వంతా అత్తామామల ఇబ్బందిలో పెట్టండి.

ఖర్చు విషయంలో కూడా పెళ్లి స్టూడియోది పైచేయే. పది అడుగుల వెడల్పు షట్టరు కొట్టు, ఒక కౌంటరు, వెనక నీలం తెర, ఆల్బమ్‌ల అర. పెళ్లిని చూపించడానికి మండపం అంతా అద్దెకి తీసుకోనక్కర్లేదు. ఒక మూల, పూలదండల తెర, పది మంది జనం, మిగతాదంతా సన్నాయి డోలు శబ్దం. నాయకుడు కెమెరా వెనక ఉంటాడు కాబట్టి వేదికని ఆయన చూసేంత మేరే చూపిస్తే సరిపోతుంది.

ఏదో ఒకటి నిర్ణయించుకునేముందు ఈ పరీక్ష పెట్టండి. ఎంచుకున్న కొలువుకి ఒక్కో వాక్యంలో ఇరవై కథలు రాయండి. పన్నెండు దాటకముందే ‘పాత భార్య వస్తుంది’ అన్న కథ మూడోసారి రాయాల్సి వస్తే ఆ కొలువు బలం చాలదు.

ఇంట్లో ఎవరు

ఒంటరిగా పెడితే మాట్లాడటానికి మనిషుండడు. ‘ఫ్రేజియర్’ తుంటికి తూటా తగిలి రిటైరైన పోలీసు తండ్రిని తెచ్చి కొడుకు ఫ్లాట్‌లో పెట్టింది. ‘టూ అండ్ ఎ హాఫ్ మెన్’ విడాకులైన తమ్ముణ్ని, కొడుకుతో సహా, అన్న బంగళాలో పెట్టి 2003 నుంచి 2015 దాకా 262 ఎపిసోడ్లు లాగింది. ‘ఆడ్ కపుల్’ ఇద్దరు స్నేహితుల్ని ఒక ఇంట్లో పెట్టింది.

తిరుపతికి స్నేహితుల గది సరిపోతుంది, ఒక్క కారణానికి: ఇల్లు దొరకదు. టు-లెట్ బోర్డు కింద ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని ఉంటుంది. కొర్లగుంటలోనో భవానీనగర్‌లోనో ఇల్లు వెతుక్కునే నలభై ఏళ్ల మనిషి ఇంకా ‘బ్యాచిలర్’ కిందే లెక్క. ఒక ఎపిసోడ్‌కి ఇది చాలా బాగుంటుంది. కానీ సీజన్ మోయడానికి నాన్నే కావాలి, ఎందుకంటే నాన్నని వదిలి పోలేడు, నాన్నా కొడుకుని వదలడు. ఘాట్ రోడ్డులో బస్సు నడిపి రిటైరైన ఆర్టీసీ డ్రైవరు అనుకోండి. ఊరంతా పరిచయం, ప్రతివాడికీ ‘మావోడికి ఇంకో సంబంధం చూస్తా ఉండాము’ అని చెప్పేస్తాడు.

నాన్నకి భార్య లేనట్టు రాయండి. జాలి కోసం కాదు. పెళ్లి కావలసిన చెల్లెలు ఒకతె ఉందనుకోండి. కన్యాదానానికి పీటల మీద దంపతులు కూర్చోవాలి. నాన్నకి భార్య పోయింది, అన్నకి విడాకులయ్యాయి. ఊరందరి పెళ్లిళ్లూ తీసే ఇంట్లో, తమ పిల్లని ధారపోయడానికి ఒక జంట లేదు. బాబాయినీ పిన్నినీ అడగాలి, వాళ్లతో పొలం గట్టు తగాదా ఉంది. ఇది ఒక సీజన్ అంతటికీ వెన్నెముక అవుతుంది, నవ్వుకీ ఏడుపుకీ రెండిటికీ.

పాత భార్య ఏ ఊళ్లో ఉండాలి

అదే ఊళ్లో పెడితే ఆమె ప్రతి ఎపిసోడ్‌లోకీ వస్తుంది. 2008 నుంచి 2010 దాకా 37 ఎపిసోడ్లు వచ్చిన ‘గ్యారీ అన్‌మ్యారీడ్’ ఆ దారి పట్టింది. ఇళ్లకి రంగులేయించే కాంట్రాక్టరు మాజీ భార్య తమ మ్యారేజ్ కౌన్సెలర్‌నే పెళ్లాడబోతుంది. మొదట్లో నవ్వొస్తుంది, తర్వాత తర్వాత ఇద్దరూ పోట్లాడుకునే సీనే మళ్లీ మళ్లీ వస్తుంది. ‘ఫ్రేజియర్’ మాజీ భార్య లిలిత్‌ని, కొడుకునీ దూరాన బోస్టన్‌లో ఉంచింది. అందుకే ఆమె వచ్చిన ప్రతిసారీ పండగలా ఉంటుంది, కొడుకు బంధం మాత్రం పలచబడింది.

చిత్తూరు ఈ రెండిటికీ మధ్యలో ఉంది, నిజంగానే. తిరుపతికి సుమారు 70 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు. ఆమె చిత్తూరులో టీచరో బ్యాంకు ఉద్యోగో అయితే ఆదివారం బిడ్డ బస్సులో రావచ్చు, సాయంత్రం తిరిగి పోవచ్చు. ముహూర్తాలు కూడా ఆదివారాలు బాగా పడతాయి. కూతురితో గడపాల్సిన రోజే పెళ్లి బుకింగు. పిల్లని పెళ్లికి తీసుకుపోతాడు, ఆమె లైట్ స్టాండ్ పట్టుకుంటుంది, పదేళ్లకే అసిస్టెంటు అయిపోతుంది. పాత భార్యకి అది నచ్చదు, నచ్చకపోవడం న్యాయం. ఆమెని చెడ్డదాన్ని చేస్తే కథ మూడు వారాల్లో చచ్చిపోతుంది. ఆమె చెప్పేది ప్రతిసారీ సగం నిజం అయ్యేలా రాయండి.

చట్టం విషయంలో చాలా స్క్రిప్టులు తప్పుతాయి. హిందూ వివాహ చట్టం, 1955లో సెక్షన్ 13బి పరస్పర అంగీకారంతో విడాకుల గురించి. కనీసం ఏడాది విడిగా ఉన్నాకే పిటిషన్ వెయ్యాలి, తర్వాత ఆరు నెలలు ఆగి రెండోసారి ఇద్దరూ కోర్టుకి చెప్పాలి. ఆ ఆరు నెలలు తగిన కేసుల్లో తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘నిన్న సంతకం పెట్టా, ఇవాళ విడాకులొచ్చాయి’ అన్న డైలాగు రాయొద్దు. సెక్షన్ 22 ప్రకారం ఈ విచారణ బయటివాళ్లు లేకుండా జరుగుతుంది. నిండు కోర్టు హాలు, జనం నవ్వడం అన్న సీను నిజం కాదు. కోర్టు వరండాలో బెంచీ మీద రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుని ఉప్మా పొట్లం పంచుకోవాలా వద్దా అని తటపటాయించడమే నిజం, నవ్వూ అక్కడే ఉంది. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి మైనారిటీ, సంరక్షకత్వ చట్టం చెబుతుంది. బిడ్డ వయసు పది దగ్గర పెడితే ఈ చిక్కు ఉండదు, డైలాగులూ బాగా వస్తాయి.

ప్రేమ: వారానికొకరా, ఒక్కరేనా

అమెరికా సిరీస్‌లు వారానికొక డేట్ రాస్తాయి. తిరుపతిలో విడాకులైన నలభై ఏళ్లాయన వారానికొకరితో ఎయిర్ బైపాస్ రోడ్డులో కాఫీ తాగితే మూడో వారానికి నాన్నకి తెలుస్తుంది. అదే లెక్కకి ఇక్కడ సరిగ్గా సరిపోయేది పెళ్లిచూపులు. రెండో సంబంధం చూపులు మొదటివాటిలా ఉండవు: పిల్ల నాన్న కాదు, పిల్లే అడుగుతుంది, ‘ఆమె ఎందుకు వెళ్లిపోయింది?’ అని. ఒక్కో చూపులో ఒక్కో రకం జవాబు చెప్పి ఇరుక్కోవచ్చు. ఎనిమిది ఎపిసోడ్ల సీజన్‌లో మూడు చూపులకంటే ఎక్కువ వద్దు.

వాటి కింద ఒక్క ప్రేమ నెమ్మదిగా నడవాలి. ‘ఫ్రేజియర్’లో తమ్ముడు నైల్స్, తండ్రిని చూసుకోవడానికి వచ్చిన డాఫ్నీని మొదటి సీజన్లోనే చూసి మనసిచ్చాడు, ఇద్దరూ కలిసింది 2000లో, ఏడో సీజన్ చివర. అంత ఓపిక యూట్యూబ్ ప్రేక్షకుడికి ఉండదు. రెండో సీజన్ మొదట్లో కలపండి. ఆమెని పెళ్లి పనిలోనే ఉంచడం మేలు: మేకప్ ఆర్టిస్టు, పూల డెకరేషన్ చేసే ఆమె, మండపం లెక్కలు చూసే ఆమె. ప్రతి పెళ్లిలోనూ కలవక తప్పదు, అవకాశం కల్పించే శ్రమ లేదు. తను కూడా విడాకులైనదే అవ్వాలని లేదు. పెళ్లే వద్దనుకున్న ముప్పై అయిదేళ్ల మనిషైతే సంభాషణకి ఎక్కువ పదును.

ఆడమనిషి గురించి ఒక పాత సంగతి గుర్తుంచుకోవాలి. 1970లో ‘మేరీ టైలర్ మూర్ షో’ నాయికని విడాకులైనదిగా రాస్తామంటే సీబీఎస్ చానెల్ ఒప్పుకోలేదు, నిశ్చితార్థం తప్పిపోయినట్టు మార్చారు. అదే ఏడు ఏబీసీ చానెల్లో ‘ఆడ్ కపుల్’ మగాళ్లిద్దరూ విడాకులతోనే మొదలయ్యారు. ఇప్పటికీ మన దగ్గర విడాకులైన మగాడికి దొరికే జాలి ఆడమనిషికి దొరకదు. మాజీ భార్యకి సీజన్‌లో కనీసం ఒక ఎపిసోడ్ పూర్తిగా ఇవ్వండి, చిత్తూరులోనే మొదలై చిత్తూరులోనే అయిపోయేలా.

మూడు కెమెరాలా, ఒకటా

మల్టీకెమెరా అంటే మూడు గోడల సెట్, నాలుగో గోడ ఉండాల్సిన చోట జనం, మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి. 1951లో ‘ఐ లవ్ లూసీ’ ఫిల్ము మీద స్థిరపరిచిన పద్ధతి ఇది. అమెరికాలో మామూలుగా ఒకరోజు స్క్రిప్టు చదువుకుని, మూడు రోజులు రిహార్సల్, కెమెరా స్థానాలు చూసుకుని, అయిదో రోజు జనం ముందు తీసేస్తారు. సింగిల్ కెమెరా అంటే సినిమా లాగే, షాట్ తర్వాత షాట్. అదే నిడివికి దాదాపు అయిదు రోజులూ షూటింగే.

‘ఆడ్ కపుల్’ మొదటి సీజన్ సింగిల్ కెమెరాతో, అతికించిన నవ్వులతో తీశారు. రెండో సీజన్ నుంచి మూడు కెమెరాలు, ఎదురుగా జనం. నటులిద్దరూ నాటకాలాడినవాళ్లు, జనం నవ్వు వినగానే వాళ్ల టైమింగు వేరే అయిపోయింది. మీ నటులు పరిషత్తు నాటకాలు ఆడినవాళ్లయితే జనం ముందు తీయడం గురించి నిజంగా ఆలోచించండి. షార్ట్ ఫిల్ములు, రీల్సు చేసినవాళ్లయితే వద్దు, వాళ్లకి గొంతు హాలు చివరికి పోదు.

అతికించిన నవ్వు మాత్రం ఎవరూ వాడొద్దు. జనం నవ్వుకి నటుడు ఆగుతాడు. నవ్వు లేనప్పుడు ఆ ఆగడం చచ్చిన నిశ్శబ్దంలా వినిపిస్తుంది, దాన్ని పూడ్చడానికి నవ్వు అతికిస్తారు, అప్పుడు నటన అంతా అబద్ధంలా అవుతుంది. నవ్వు వద్దనుకుంటే ఎడిటింగులో ఆ ఖాళీలన్నీ కోసెయ్యండి, ఒకరి మాట చివర ఇంకొకరి మాట ఎక్కించండి.

ఎక్కువ జట్లకి మేం చెప్పేది రెండు కెమెరాల దారి. ఎదురెదురు కూర్చున్న ఇద్దరి మీద రెండు కెమెరాలు అడ్డంగా, గీత దాటకుండా, అంటే ఇద్దరినీ కలుపుతూ ఊహించుకునే గీతకి రెండు కెమెరాలూ ఒకే వైపు ఉండేలా. కామెడీలో ఎదుటివాడి మొహమే ముఖ్యం. ఒకడు చెప్పిన మాటకి రెండోవాడి మొహం అదే క్షణంలో దొరకాలి. విడివిడిగా తీస్తే ఆ ఇద్దరి లయ కలవదు. పది అడుగుల కొట్టులో మూడో కెమెరాకి చోటు కూడా లేదు.

కెమెరాని సెకనుకి 25 ఫ్రేములకి, షట్టర్ 1/50కి పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్. 30 ఫ్రేములతో, 1/60 షట్టరుతో తీస్తే స్టూడియోలో ట్యూబ్‌లైటూ చవక ఎల్‌ఈడీలూ మినుకుమంటాయి, తర్వాత దిద్దడం కష్టం. సెకనుకి 100 మెగాబిట్ల దగ్గర గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు నాలుగు గంటలు తిప్పితే 360 జీబీ. రెండు హార్డ్ డిస్కుల్లో కాపీ చేసేదాకా కార్డు చెరపొద్దు. ఒక్కొక్కరికీ కాలరు మైకు, ధ్వని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గట్టి మాట కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా. ఫ్యాను ఆపాలి. తిరుపతి ఎండలో షట్టరు కొట్టులో ఫ్యాను లేకుండా ఇరవై నిమిషాలకంటే నటులు తట్టుకోలేరు కాబట్టి సీన్లని చిన్న ముక్కలుగా తీసి మధ్యలో గాలి ఆడనివ్వండి. ప్రతి లొకేషన్లో ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది శబ్దం రికార్డు చేసుకోండి; ఎడిటింగులో మాటల మధ్య అతుకులు కప్పేది అదే.

యాస

చిత్తూరు యాసని అందరి నోటా ఒకేలా పెట్టడం పెద్ద తప్పు. నాన్న ‘యాడికి పోతా ఉండావు, తిని పోరా’ అంటాడు. ఎస్వీ యూనివర్సిటీలో చదివిన కొడుకు ఇంట్లో అదే మాట్లాడి కస్టమరు దగ్గర ‘ఎక్కడికి వెళ్తున్నారు సార్’ అంటాడు, కోపం వచ్చినప్పుడు మళ్లీ నాన్న యాసలోకి జారతాడు. ఆ జారడాన్ని కామెడీకి వాడొచ్చు. యాస మాట్లాడేవాణ్ని అమాయకుడిగా, పుస్తకాల తెలుగు మాట్లాడేవాణ్ని తెలివైనవాడిగా రాయడం మానండి. పూల డెకరేషన్ చేసే ఆమెది పలమనేరో నగరియో అయితే నోట్లో తమిళం కన్నడం కలుస్తాయి, నటి కూడా ఆ ప్రాంతంలో పెరిగినదైతేనే పలుకు కుదురుతుంది.

ఎక్కడ, ఎప్పుడు తీయాలి

తిరుమల కొండ మీద తీద్దామనే ఆలోచన వదిలెయ్యండి. కొండ మీద డ్రోన్ ఎగరేయనివ్వరు, ఆలయంలోకి ఫోనే తీసుకుపోనివ్వరు. కొండ కనబడాలంటే కింద ఊళ్లో ఏ మేడ మీది నుంచైనా శేషాచలం గోడలా నిలబడి ఉంటుంది. పొద్దున ఎండ దాని మీద పడే వేళ తీసిన ఒక్క షాటు సీజన్ అంతా వాడుకోవచ్చు. రైల్వే స్టేషన్‌కి రైల్వేవాళ్ల అనుమతి వేరే కావాలి. పిల్లని బస్సెక్కించే సీను బస్టాండులోనే తీయాలని లేదు. చంద్రగిరి దగ్గర రోడ్డు పక్కన బస్సు ఆగే ఏదో ఒక చోటు చాలు, రద్దీ తక్కువ, మాట వినబడుతుంది.

మండపం సీన్లన్నీ ఒకే దఫా తీసుకోండి, ఆషాఢంలోనో మూఢంలోనో. ముహూర్తాలు లేని ఆ రోజుల్లో మండపాలు ఖాళీ, అద్దె మాట్లాడుకునే వీలుంటుంది, నిజమైన పూలవాళ్లు, సన్నాయి మేళం, పెళ్లి ఫోటోగ్రాఫర్లు కూడా ఖాళీగానే ఉంటారు, జనంలో కూర్చోవడానికి వస్తారు. ఆషాఢం జూన్, జూలైల్లో పడుతుంది, అప్పుడప్పుడు గాలివాన. జనరేటరు అద్దెని బడ్జెట్లో ముందే రాసుకోండి. మూఢం తేదీలు ఏడాదికోసారి మారతాయి కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేముందు పంచాంగం చూసుకుని, మండపం మేనేజరు దగ్గర బుకింగ్ పుస్తకం కూడా చూడండి. మూఢమైనా రిసెప్షన్లు, బారసాలలు, ఓణీల ఫంక్షన్లు ఆగవు.